పిన్ని షాపు లాప్‌టాప్ సర్దుడు: ప్రాజెక్టు డైరీ

ఆషాఢం మొదటి వారం: పని ఏంటంటే

తెనాలిలో మా పిన్నికి మగ్గం వర్క్ షాపు ఉంది. జాకెట్ల మీద జర్దోసి, కుందన్లు, పూసల పని. మొన్నటిదాకా డిజైన్లు, కొలతలు, కస్టమర్లు పంపే ఫోటోలు అన్నీ ఫోన్లోనే. ఫోన్ నిండిపోయి ఏ యాప్ తెరిచినా ఆగిపోతుంటే ఈ వేసవిలో ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొంది. విండోస్ 11 ఉన్నది. ఇప్పుడు దాని డెస్క్‌టాప్ మీద వేలు పెట్టే చోటు లేదు. డౌన్‌లోడ్స్ తెరిస్తే ఒకే ఫోటో మూడేసి సార్లు, పేరు చివర బ్రాకెట్లో 1, 2 అని.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మగ్గాల దగ్గర కాస్త తీరిక దొరుకుతుంది. శ్రావణం వచ్చిందంటే ఊపిరి సలపదు. ఈలోపు లాప్‌టాప్ సర్దేయాలి. ఎవరైనా వచ్చి "పోయిన మాఘంలో మా అక్క పెళ్లికి చేసిన నెమలి చేతులు ఒకసారి చూపించండి" అంటే పిన్ని ఒక్క నిమిషంలో, నాకు ఫోన్ చెయ్యకుండా, ఆ ఫోటో తెరవాలి. పని అయిందో లేదో దాన్నిబట్టే చూస్తాం.

నా వైపు నుంచి ఒక షరతు: మౌస్ పిన్ని చేతిలోనే ఉంటుంది. నేను పక్కన కూర్చుని చెప్తాను, అంతే. నేను గబగబా సర్దేసి వెళ్ళిపోతే వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికొస్తుంది. ఎక్కడ ఏముందో తెలిసేది సర్దిన మనిషికే.

ముందు చూడటం, తర్వాతే ముట్టుకోవడం

మొదటి రోజు ఒక్క ఫైలు కూడా కదపలేదు. విండోస్ కీ పట్టుకుని 'ఇ' నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వస్తుంది, అందులో ఎడమవైపు ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాం. డెస్క్‌టాప్ కూడా మామూలు ఫోల్డరే అని పిన్నికి అప్పుడే తెలిసింది. తెర మీద కనిపించే బొమ్మలన్నీ అక్కడ వరుసగా పేర్లతో ఉన్నాయి. డౌన్‌లోడ్స్ ఇంకో ఫోల్డరు, డాక్యుమెంట్స్ ఇంకోటి. కొందరు వీటినే డైరెక్టరీలంటారు, ఫోల్డరన్నా డైరెక్టరీ అన్నా ఒకటే.

'దిస్ పీసీ' తెరవగానే పిన్ని ఆగింది. "ఏరా, సి డ్రైవ్ అని ఉంది. మరి ఏ, బి ఏమయ్యాయి?"

చాలామంది అడగరు కానీ మంచి ప్రశ్న. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు అందులో హార్డ్ డిస్క్ లేదు, ఫ్లాపీలు (ఫైళ్ళు దాచుకునే పాతకాలపు పల్చటి డిస్కులు) పెట్టే రెండు అరల దాకా ఉండేవి. ఏ, బి ఆ రెండిటి పేర్లు. 1983లో వచ్చిన ఐబీఎం ఎక్స్‌టీ అనే మోడల్లో హార్డ్ డిస్క్ పెట్టి దానికి తర్వాతి అక్షరం సి ఇచ్చారు. ఫ్లాపీలు పోయాయి, సి అలాగే ఉండిపోయింది. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకునే వీలు కూడా విండోస్‌కి ముందు వాడిన ఎంఎస్-డాస్‌కి అదే 1983లో, రెండో వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు ఫ్లాపీలో ఉన్నవన్నీ ఒకే వరుసలో ఉండేవి. ఇది వినగానే పిన్ని తన డెస్క్‌టాప్ వంక చూసి "మరి నేనింకా అక్కడే ఉన్నా" అంది.

ఆ రోజు మార్చిన సెట్టింగు ఒక్కటే. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్'కి టిక్కు. విండోస్ మామూలుగా పేరు చివరి తోకని దాచేస్తుంది. టిక్కు పెట్టాక ఏది డాట్ జేపీజీ, ఏది డాట్ పీడీఎఫ్, ఏది ఎక్సెల్ ఫైలో కళ్ళకి కనిపిస్తాయి. కొత్తవాళ్ళ కంప్యూటర్లో నేను మొట్టమొదట మార్పించేది ఇదే. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఫోటో అని ఎవరో పంపిన ఫైలు చివర డాట్ ఈఎక్స్ఈ కనిపిస్తే అది ఫోటో కాదు ప్రోగ్రామ్ అని, తెరవకూడదని అర్థమవుతుంది. పేరు మార్చేటప్పుడు ఆ తోకని మాత్రం ముట్టుకోవద్దని పిన్ని నోటు పుస్తకంలో రాయించాను.

మొదటి ఫోల్డరు, మొదటి అడ్డంకి

డాక్యుమెంట్స్‌లో 'మగ్గం షాపు' అనే ఫోల్డరు పుట్టింది. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే కొత్త ఫోల్డరు వస్తుంది. వెంటనే పేరు కొట్టి ఎంటర్. పేరు మార్చాలంటే ఎంచుకుని ఎఫ్2. తెలుగులో కొట్టడానికి విండోస్‌లోనే ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పెట్టాం.

తెలుగు పేర్లు పెడితే ఇబ్బందా అని చాలామంది అడుగుతారు. ఈ కాలపు విండోస్‌లో, ఆండ్రాయిడ్‌లో ఏ ఇబ్బందీ లేదు. పిన్ని తెలుగులో ఆలోచిస్తుంది, తెలుగులో వెతుకుతుంది, పేర్లూ తెలుగులోనే ఉండాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: ఫోల్డర్లో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే మొత్తం దారి పొడవు 260 అక్షరాల లోపు ఉండాలని విండోస్ మామూలు పరిమితి. వత్తులు, గుణింతాలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. 'వ్రతం' మనకి రెండక్షరాలు, కంప్యూటరుకి అయిదు.

అడ్డంకి వచ్చింది తేదీ దగ్గర. పిన్ని అలవాటుగా 14/2/2025 అని కొట్టబోతే గీత పడనే పడదు, కింద హెచ్చరిక వస్తుంది. పేర్లలో విండోస్ ఒప్పుకోని గుర్తులు తొమ్మిది: \ / : * ? " < > | ఇవి. వాలు గీతలూ కోలనూ దారి రాయడానికి వాడతారు, నక్షత్రం, ప్రశ్న గుర్తు వెతకడానికి వాడతారు, అందుకని పేర్లలో వద్దంటుంది.

సరే, 14-2-2025 అని అడ్డగీతలతో రాద్దామంది. గుర్తుల వరకూ బానే ఉంది కానీ వరుస చెడుతుంది. విండోస్ పేరుని ఎడమనుంచి చదువుకుంటూ వరుస పెడుతుంది కాబట్టి 1-12-2025, అంటే 2025 డిసెంబరు 1వ తేదీ, వచ్చి 2025 ఫిబ్రవరి 14 కంటే ముందు కూర్చుంటుంది. సంవత్సరం ముందు, తర్వాత నెల, ఆ తర్వాత రోజు రాస్తే, నెలకి రోజుకి రెండేసి అంకెలు పెడితే, పేరు వరుసే కాలం వరుస అయిపోతుంది: 2025-02-14. 1988 నుంచి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఇదే. పిన్నికి నమ్మకం కుదరలేదు. నాలుగు ఖాళీ ఫోల్డర్లు రెండు రకాలుగానూ పెట్టించి చూపించాను. చూశాక ఇంక మాట్లాడలేదు.

ఏది ఎక్కడ: రెండు సాయంత్రాలు పట్టిన చర్చ

అసలు పని ఇక్కడే ఉంది. కంప్యూటరు తెలిసినవాళ్ళని అడిగితే ఫోటోలు ఒకచోట, పీడీఎఫ్‌లు ఒకచోట, ఎక్సెల్ ఒకచోట అంటారు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది కానీ దుకాణానికి పనికిరాదు. ఒక పెళ్లి ఆర్డరుకి కొలతల ఫోటో, కస్టమర్ చూపించిన డిజైను, బిల్లు, పూర్తయ్యాక తీసిన ఫోటో ఉంటాయి. వాటిని రకాన్ని బట్టి నాలుగు దిక్కులా పంచితే మళ్ళీ కలపడం ఎవరి తరం?

అందుకని పిన్నిని అడిగాను, "పాత ఆర్డరు గురించి మీ షాపులో అమ్మాయితో చెప్పాలంటే ఎలా చెప్తావు?" అని.

"కొల్లిపర వాళ్ళ పెళ్లిది అంటాను. దుగ్గిరాల వాళ్ళ సీమంతం, వేమూరు అమ్మాయి ఓణీలు, అలా."

పేర్లు దొరికేశాయి. పిన్నికి కస్టమర్లు ఊరు, ఫంక్షను పేరుతో గుర్తుంటారు. ఫోల్డరు పేరు కూడా అలాగే పెట్టాం: '2025-02-14 కొల్లిపర పెళ్లి'. ఒకే ఊరి నుంచి ఇద్దరుంటే ఇంటిపేరు చేరుస్తాం.

ఏ తేదీ వెయ్యాలన్నది ఇంకో చర్చ. ఆర్డరిచ్చిన తేదీయా, ఇచ్చేసిన తేదీయా, ఫంక్షను తేదీయా? ఆర్డరిచ్చిన రోజు కస్టమరుకే గుర్తుండదు. పెళ్లి తేదీ ఇద్దరికీ గుర్తుంటుంది, పైగా పని ఏ రోజుకి అయిపోవాలో కూడా అదే చెప్తుంది. ఫంక్షను తేదీయే ఖాయం చేశాం. దీనివల్ల ఆర్డర్ల ఫోల్డరు తెరవగానే ముందు ముందు ఏ ఫంక్షన్లున్నాయో వరుసగా కనబడుతోంది. ఈ లాభం మేము అనుకోనిది.

మొత్తం ఇలా తేలింది. 'మగ్గం షాపు'లో 0 కొత్తవి, 1 ఆర్డర్లు, 2 డిజైన్లు, 3 లెక్కలు, 4 షాపు కాగితాలు. ముందు అంకె పెడితే మనకి కావలసిన వరుసలో నిలబడతాయి. ఆర్డర్లలో సంవత్సరం, అందులో ఒక్కో ఫంక్షను, అంతటితో ఆపాం. లోపలికి ఇంకా మెట్లు పెడితే కొత్తవాళ్ళు దారి తప్పుతారు. డిజైన్లలో మాత్రం చేతులు, వీపు, బోర్డర్లు అని మూడు ఫోల్డర్లు, ఎందుకంటే కొత్త కస్టమరు వచ్చి "చేతులకి ఏమున్నాయి" అనే అడుగుతుంది.

షాపు కాగితాల్లో అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లులు, బ్యాంకువి. వీటి గురించి చెప్పేదేం లేదు.

'0 కొత్తవి' నాకు బాగా నచ్చినది. పని ఒత్తిడిలో ఫోటో ఎక్కడ పెట్టాలో ఆలోచించే టైం ఉండదు. అప్పటికి అందులో పడేసి, రాత్రి షాపు కట్టేసేముందు తీసి సర్దాలి. ఇలాంటి చోటు ఒకటి ఇవ్వకపోతే డెస్క్‌టాపే ఆ చోటవుతుంది.

సేవ్

ఎక్సెల్‌లో లెక్కలు రాస్తూ పిన్ని అడిగింది: "తెర మీద కనిపిస్తుంది కదరా, మళ్ళీ సేవ్ ఎందుకు?"

మగ్గం పనిలో డిజైను బట్ట మీదకి ఎలా దించుతారో పిన్నే నాకు చాలాసార్లు చూపించింది. ట్రేసింగ్ పేపరు మీద గీత వెంట సూదితో చిల్లులు గుచ్చి, జింక్ పౌడరు కిరసనాయిల్లో కలిపి గుడ్డతో రుద్దుతారు. బట్ట మీద తెల్లటి చుక్కల గీత పడుతుంది. ఆ గీత మీద కుట్టు పడేదాకా అది నిలవదు, చెయ్యి తగిలితే చెదురుతుంది. సేవ్ చెయ్యని ఫైలు ఆ గీతే అన్నాను. కొట్టినదంతా మెమరీలో ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపే. కంట్రోల్ ఎస్ కొడితేనే డిస్కు మీదకి ఎక్కుతుంది. ఆ తర్వాత సేవ్ గురించి నేను మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు. నాలుగు వరుసలు కొట్టడం, కంట్రోల్ ఎస్ కొట్టడం, చేతికి అలవాటైపోయింది.

మొదటిసారి సేవ్ చేసేటప్పుడు వచ్చే పెట్టెలో మూడు చూడాలి: పైన ఎక్కడికి వెళ్తోంది, మధ్యలో పేరేంటి, కింద రకమేంటి. "సేవ్ చేశాను కానీ కనబడట్లేదు" అనే ఫిర్యాదుల్లో ముప్పాతిక పాలు ఆ మొదటిది చూడకపోవడం వల్లే వస్తాయని నా నమ్మకం. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వ) ఆన్‌లో ఉన్న లాప్‌టాపుల్లో డాక్యుమెంట్స్ అనే పేరుతో రెండు చోట్లు కనిపించవచ్చు, అక్కడ ఇంకా జాగ్రత్తగా చూడాలి.

బిల్లుల దగ్గర గట్టి సమస్య ఒకటి బయటపడింది. పిన్ని పాత కస్టమరు బిల్లు తెరిచి, పేరూ మొత్తమూ మార్చి, కంట్రోల్ ఎస్ కొట్టేది. పాత బిల్లు అక్కడికక్కడ పోయి దాని స్థానంలో కొత్తది కూర్చునేది. ఇలా ఒకే ఫైలు మీద చాలా బిల్లులు నడిచాయి, మిగిలింది చివరిదొక్కటే. దీనికి మందు సేవ్ యాజ్. ఎక్సెల్‌లో, వర్డ్‌లో ఎఫ్12 కొడితే వస్తుంది. ముందు సేవ్ యాజ్ చేసి కొత్త పేరు పెట్టుకుని, ఆ తర్వాతే లోపల అంకెలు మార్చాలి. మార్చాక చేద్దామనుకుంటే మధ్యలో ఎవరో పిలుస్తారు, చెయ్యి అలవాటుగా కంట్రోల్ ఎస్ మీదకి పోతుంది. దాంతోపాటు 'ఖాళీ బిల్లు' అని ఒక ఫైలు చేసి, ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్కు పెట్టాం. ఇప్పుడు దాని మీద పొరపాటున సేవ్ కొట్టినా వేరే పేరు అడుగుతుంది.

ఆర్డర్లకీ ఇదే ఉపాయం. 'ఖాళీ నమూనా' అని ఒక ఫోల్డరు, లోపల ఖాళీ బిల్లు, ఖాళీ కొలతల పట్టిక. కొత్త ఆర్డరు రాగానే దాన్ని కాపీ చేసి, సంవత్సరం ఫోల్డర్లో పేస్ట్ చేసి, ఎఫ్2 కొట్టి పేరు మార్చడమే.

తరలింపు

ఇక డౌన్‌లోడ్స్‌లో పేరుకున్నవి. వాట్సాప్ వెబ్ నుంచి దించిన ఫోటోలకి 'వాట్సాప్ ఇమేజ్', ఆ వెనక తేదీ, టైము ఉంటాయి. ఆ తేదీయే మాకు ఆధారం. ఏ నెలలో వచ్చిందో తెలిస్తే ఏ పెళ్లిదో పిన్ని చెప్పేస్తుంది. చాలా ఫోటోలకి అదీ అక్కర్లేకపోయింది, జరీ రంగు చూసి "ఇది అమృతలూరు వాళ్ళది" అనేసేది.

ఎక్స్‌ట్రా లార్జ్ ఐకాన్స్ పెట్టుకుని, కంట్రోల్ పట్టుకుని కావలసినవి ఒక్కొక్కటి నొక్కి, కంట్రోల్ ఎక్స్ (కట్), తగిన ఫోల్డర్లో కంట్రోల్ వి (పేస్ట్). వందల ఫోటోలు రెప్పపాటులో వెళ్ళిపోయేసరికి పిన్ని కంగారు పడింది, నిజంగా వెళ్ళాయా అని. ఒకే డ్రైవులో కట్ చేసి పేస్ట్ చేస్తే ఫోటో డిస్కు మీద ఉన్నచోటే ఉంటుంది, అది ఏ ఫోల్డరుదో చెప్పే చిట్టా మాత్రమే మారుతుంది. అదే పెన్‌డ్రైవ్‌లోకయితే ప్రతి ఫోటో నిజంగా కాపీ అవ్వాలి, అందుకే ఆలస్యం. మౌస్‌తో లాగేటప్పుడు కూడా ఇదే తేడా: అదే డ్రైవులో లాగితే జరుగుతుంది, వేరే డ్రైవులోకి లాగితే కాపీ అవుతుంది. కొత్తవాళ్ళు లాగడం కంటే కట్, కాపీ వాడటమే మంచిదని నా అభిప్రాయం. ఏం చేస్తున్నామో మనకే స్పష్టంగా తెలుస్తుంది.

మధ్యలో ఒకసారి ఎంచుకున్నవన్నీ వేరే ఫోల్డర్లోకి పోయాయి. పిన్ని మొహం పాలిపోయింది. కంట్రోల్ జెడ్ కొట్టమన్నాను, అన్నీ వెనక్కి వచ్చాయి. జరిపినా, పేరు మార్చినా, డిలీట్ చేసినా కంట్రోల్ జెడ్‌తో వెనక్కి తేవచ్చు. పిన్నికి టెన్షన్ పోయింది అప్పుడే, అక్కడినుంచి పని వేగం మారిపోయింది. తిరిగిరానివి రెండు: షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టినవి, పెన్‌డ్రైవ్ మీద డిలీట్ చేసినవి. ఇవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళవు. నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో ఉన్న వాక్యం ఇదే.

చివరగా పేర్లు. నెమలి చేతుల ఫోటోలన్నీ ఎంచుకుని ఎఫ్2, 'నెమలి చేతులు' అని కొట్టి ఎంటర్. అన్నిటికీ ఆ పేరే వచ్చి పక్కన 1, 2, 3 పడ్డాయి. కానీ పిన్ని ఒకచోట 'నెమలి' అనీ, ఒకచోట 'నెమళ్ళు' అనీ, ఇంకోచోట 'పీకాక్' అనీ పెడుతోంది. వెతికేటప్పుడు ఏదో ఒకటే దొరుకుతుంది. అందుకని వాడాల్సిన మాటల పట్టిక ఒకటి తయారు చేశాం: నెమలి, ఏనుగు, తామర, మామిడి పిందె, లత, గళ్ళు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో రాసి డిజైన్ల ఫోల్డర్లో పెట్టి, ప్రింటు తీసి మగ్గం పక్కన గోడకి అంటించాం. (2019కి ముందు విండోస్‌లో నోట్‌ప్యాడ్‌తో తెలుగు దాచినవాళ్ళకి అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిన అనుభవం ఉంటుంది. అప్పట్లో అది మామూలుగా తెలుగు అక్షరాలకి చోటు లేని ఆన్సీ అనే పద్ధతిలో దాచేది. ఇప్పుడు అన్ని భాషలకీ చోటున్న యూటీఎఫ్-8 పద్ధతి, తెలుగు క్షేమంగా ఉంటుంది.)

పెన్‌డ్రైవ్‌లో బాణం గుర్తు

ఫ్లెక్స్ కొట్టించడానికి పిన్ని పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళింది, అక్కడ ఫైలు తెరుచుకోలేదు. ఇంటికి తెచ్చి చూస్తే ఆ బొమ్మ మూల చిన్న బాణం ఉంది, సైజు రెండు కేబీ. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ని కాపీ చేసుకెళ్ళింది. షార్ట్‌కట్‌లో ఫోటో ఉండదు, ఫలానా చోట ఉందన్న దారి మాత్రం ఉంటుంది. ఆ దారి ఈ లాప్‌టాప్‌లోనే పనిచేస్తుంది. కాపీ చేశాక పెన్‌డ్రైవ్ తెరిచి సైజు చూడటం, వీలైతే ఒకసారి అక్కడినుంచే తెరిచి చూడటం పిన్నికి అలవాటు చేయించాను.

కస్టమర్లకి డిజైను పంపేటప్పుడు ఇంకో విషయం. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గించేస్తుంది, పూసల వరుస అలికినట్టవుతుంది. అదే డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు, మనం పెట్టిన పేరుతో సహా వెళ్తుంది.

రెండో కాపీ

లాప్‌టాప్ పాడైతే? ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క దుకాణాలకి బాగా సరిపోతుంది: మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే చోట. లాప్‌టాప్‌లో ఉన్నది ఒకటి. ఆదివారం ఆదివారం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి 'మగ్గం షాపు' మొత్తం కాపీ, అది మా ఇంట్లో ఉంటుంది. గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఆర్డర్లు, లెక్కలు మాత్రం మూడోది. అన్నీ ఒకే ఫోల్డరు కింద ఉండటం వల్ల కాపీ చెయ్యడం ఒక్క పనే అయింది.

శ్రావణం వచ్చింది

ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం. '2025-08-08' తో మొదలయ్యే ఫోల్డర్లు తెర నిండా ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం కొల్లిపర నుంచి పెళ్లికూతురి చెల్లెలు వచ్చి అక్క జాకెట్ చేతులు చూపించమంది. పిన్ని ఆర్డర్లు, 2025, ఫిబ్రవరి 14 తెరిచి ఫోటో చూపించి, "అదే పెట్టనా, నెమలి బదులు ఏనుగు పెట్టనా" అంటూ రెండో కిటికీలో డిజైన్లు కూడా తెరిచింది. నేను అప్పుడు షాపులో లేను, సాయంత్రం పిన్నే ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు షాపులో అమ్మాయికి పిన్నే నేర్పుతోంది, మౌస్ ఆ అమ్మాయికిచ్చి.

మిగిలిన పని: ఫోన్లో ఉండిపోయిన 2023, 2024 ఫోటోలు కేబుల్ పెట్టి '0 కొత్తవి'లోకి దించాలి. ఫోన్ లాక్ తీసి, ఛార్జింగ్ బదులు ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోకపోతే లాప్‌టాప్‌లో ఫోన్ ఖాళీగా కనిపిస్తుంది. అది ముందే నోటు పుస్తకంలో రాయించాను. వ్రతం హడావుడి తగ్గాక మొదలుపెడతాం.